మా బావ కొన్న ఫ్రాన్సు

మా బావ ఫ్రాన్సులో ఇల్లు కొన్నాడన్న సంగతి మా అక్కకి ఒక శుక్రవారం మధ్యాహ్నం, చేపల పులుసు వడ్డిస్తుండగా, బహ్రెయిన్‌లోని గుదైబియా పేటలో సగం మంది బ్రహ్మచారుల సమక్షంలో తెలిసింది. కట్టుకున్న భార్యకి ముందుగా చెప్పే అలవాటు బావకి లేదు. ఏదైనా సభలోనే ప్రకటించాలి. పెళ్లిచూపులప్పుడు కూడా "పిల్ల నచ్చింది" అని ఆయన చెప్పింది మా నాన్నకి కాదు, గుమ్మం బయట గుమిగూడిన వీధి వీధంతటికీ.

బావది పశ్చిమ గోదావరి. బహ్రెయిన్‌లో ఏసీ గొట్టాల కాంట్రాక్టు. అక్కడి సీఫ్ పేటలో లేచిన ప్రతి టవర్లోనూ చల్లగాలి తన దయవల్లే వీస్తోందని ఆయన నమ్మకం. మనిషి పొట్టి, మాట పొడుగు. ఆయన మీసం గదిలోకి వచ్చాక కాసేపటికి ఆయన వచ్చేవాడు. నేను ఆయన ఆఫీసులో ఉత్తరాలు రాసేవాణ్ణి, ఫోన్లు ఎత్తేవాణ్ణి, తిట్లు తినేవాణ్ణి. బావమరిదిని కాబట్టి జీతంలో కోత ఉన్నా తిట్లు మాత్రం ఓవర్‌టైంతో సహా అందేవి.

అక్కది మెస్సు. ఫ్లాటు ముందుగదిలో నాలుగు బల్లలు, వెనక వంటిల్లు, అంతే. కాకినాడ వెల్డర్లూ, జగిత్యాల డ్రైవర్లూ, హైదరాబాదు సేల్స్‌మన్లూ అంతా అక్కడే తినేవారు. ఆవిడ చేపల పులుసు మరిగేటప్పుడు వీధిలో ట్రాఫిక్ ఆగేదంటే మీరు నమ్మరు. ఒక పోలీసాయన ఎవరి బండినో పక్కకి తీయించి, తప్పెవరిదో మరిచిపోయి, గిన్నె పట్టుకుని లోపలికి రావడం నేను కళ్లారా చూశాను. ఇంట్లో బావ ముందు అక్క మాటకి చిల్లిగవ్వ విలువ లేదు. మెస్సులో మాత్రం ఆవిడ గరిటె ఎత్తితే మీసాలున్న వెల్డర్లు కూడా కంచంలోకి తల దించేవారు. ఈ భూమి మీద ఆవిడకంటూ ఉన్న రాజ్యం ఆ నాలుగు బల్లలే.

ఆ నాలుగు బల్లల మధ్య నిలబడి బావ చెయ్యి పైకెత్తాడు.

"అందరూ వినండి. ఫ్రాన్సులో ఇల్లు తీసుకున్నాను. రాతి ఇల్లు, కోటలాంటిది. వచ్చే ఏడు ఇక్కడి వ్యాపారం ఒదిలేసి అక్కడే మకాం. ఈ మెస్సూ గిస్సూ అన్నీ బందు."

అక్క చేతిలో గరిటె గాల్లోనే ఆగింది. పులుసు ఒక వెల్డరు చొక్కా మీద పడింది.

"అక్కడ మనవాళ్లెవరున్నారండీ?" అంది అక్క.

"ఎవరూ లేరు. అదేనే దాని అందం."

"మరి నేను మాట్లాడేది ఎవరితోనండీ?"

"ఆవులున్నాయి. ఒక్కోటీ ఏనుగంత."

మూల బల్ల దగ్గర జగిత్యాల డ్రైవరు ఉండేవాడు. వాడి నాలుక ముందు వాడి బండి హారను ఎందుకూ పనికిరాదు. "ఫికర్ జెయ్యకక్కా" అన్నాడు వాడు. "ఆవులకు తెలుగు నేర్పు. సేఠ్ కన్నా మంచిగనే ఇంటయి."

గదంతా నవ్వింది. బావ కూడా నవ్వాడు, తన గురించే అన్నారని తెలియక. అక్క మాత్రం నవ్వలేదు.

ఆ ఇల్లు బావకి అంటగట్టింది సీఫ్‌లో ఒక టవరుకి పెద్ద ఇంజనీరుగా ఉన్న ఇంగ్లీషాయన. బావ వేసిన గొట్టాలు వంకరగా ఉన్నాయని ఏడాది పాటు విప్పించి మళ్లీ వేయించినవాడు, బావ నమస్కారం పెడితే గోడ వైపు చూసేవాడు. అలాంటి మనిషి ఉన్నట్టుండి ఇంటికి పిలిచి, టీ ఇచ్చి, ల్యాప్‌టాప్‌లో ఫొటోలు చూపిస్తే మామూలువాడికి అనుమానం రావాలి. బావకి గర్వం వచ్చింది. ఫొటోల్లో గోడ మీద గులాబీలున్నాయి, కిటికీలో పిల్లి ఉంది, వెనక పచ్చటి కొండ ఉంది. ఇంటి పైకప్పు మాత్రం ఏ ఫొటోలోనూ లేదు. ఇల్లు అంత ఎత్తుగా ఉండటం వల్ల కెమెరాలో పట్టలేదనుకున్నాడు బావ.

ఆ వేసవిలో రిజిస్ట్రేషనుకి బావా, అక్కా, సామాన్లు మోయడానికి నేనూ వెళ్లాం. ఫ్రాన్సు నడిబొడ్డున ఓవెర్న్ అనే కొండ ప్రాంతం. మనుషుల కంటే ఆవులు ఎక్కువ, ఆవుల కంటే వానలు ఎక్కువ. అక్కడ ఇల్లు కొనాలంటే సర్కారు నియమించిన ప్లీడరు ఒకాయన దస్తావేజు మొత్తం మొదటి అక్షరం నుంచి చివరి అక్షరం దాకా పైకి చదివి వినిపిస్తాడు. బావకి ఒక్క ముక్క అర్థం కాలేదు. అయినా సత్యనారాయణ వ్రతకథ వింటున్నట్టు చేతులు జోడించి కూర్చున్నాడు. ప్లీడరు ఊపిరి కోసం ఆగినప్పుడల్లా ఒక అధ్యాయం అయిపోయిందనుకుని దండం పెట్టాడు. ఇంగ్లీషాయన మాత్రం కళ్లు మూసుకుని, ఏ క్షణంలోనైనా ఈ కల చెదిరిపోతుందేమో అన్నట్టు కుర్చీ పట్టుకుని కూర్చున్నాడు. సంతకాలు అవగానే ఆయన పరుగెత్తిన వేగానికి ప్లీడరు బల్ల మీది కాగితాలు ఎగిరాయి. మళ్లీ ఆయన మాకెవరికీ కనబడలేదు.

ఇంటి పైకప్పు ఫొటోలో ఎందుకు లేదో ఇంటి ముందు నిలబడ్డాక తెలిసింది. ఉన్న కాస్తా గుడ్లగూబల ఆధీనంలో ఉంది. గోడలు మాత్రం ఏనుగులు కుమ్మినా చెక్కుచెదరనంత మందం. ఊళ్లో ఒక చర్చి, మూతపడిన బడి, మూసిన కిటికీ తలుపుల సందులోంచి చూస్తున్న ఒక ముసలావిడ. ఆ ఊరి జనాభా మొత్తాన్ని మా మెస్సులో ఒక్క బల్ల దగ్గర కూర్చోబెట్టి, ఇంకా ఇద్దరికి చోటు చూపించవచ్చు.

పక్కింటాయన తాపీమేస్త్రీ. పలకరించడానికి వచ్చి, వాళ్ల మర్యాద ప్రకారం అక్క రెండు బుగ్గల మీదా ముద్దు పెట్టబోయాడు. బావ మధ్యలో దూరాడు. ఆ రెండు ముద్దులూ బావకే దక్కాయి. మీసం గుచ్చుకున్న మేస్త్రీ సాయంత్రం దాకా బుగ్గలు రుద్దుకుంటూ తిరిగాడు.

అక్క గోడ మీద చెయ్యి వేసి చూసింది. నడివేసవిలో కూడా ఐసుగడ్డలా ఉంది.

"ఇది ఇల్లు కాదురా తమ్ముడూ. తలుపులు పెట్టిన చలి" అంది. "నన్ను ఇక్కడ పాతిపెడతాడురా ఈయన."

బహ్రెయిన్ తిరిగి వచ్చిన మర్నాడే అక్క నా చేత రాజమండ్రిలోని సిద్ధాంతిగారికి ఫోను చేయించింది. బావ గడ్డం గీసుకోవాలన్నా ఆయన్నడిగి గీసుకునే రకం. సీఫ్‌లో టవర్లకి గొట్టాలు వేసేటప్పుడు కూడా, కంపెనీ ఇచ్చిన ప్లాను పక్కన పెట్టి, గాలి ఏ దిక్కు నుంచి వస్తే శుభమో ఆయన్ని కనుక్కునేవాడు. గొట్టాలు వంకర తిరగడానికి అసలు కారణం అదే.

"సిద్ధాంతిగారూ, ఆ ఇంటికి విరుగుడు లేని దోషం ఏదో ఒకటి చూసి చెప్పండి బాబూ. మీకు పుణ్యముంటుంది" అంది అక్క.

"అయ్యో, దానికేం భాగ్యం తల్లీ. దోషాలు లేని ఇల్లంటూ ఉందా" అన్నాడాయన.

సాయంత్రం బావ దిక్సూచీ, ఇంటి ప్లానూ ముందు పెట్టుకుని ఆయనకి ఫోను చేశాడు. వింటూ వింటూ బావ మొహం పాలిపోయింది. ఈశాన్యంలో చలిమంట పొయ్యి ఉందట. దాని మీద తాటిచెట్టంత రాతి పొగగొట్టం. నీళ్లుండవలసిన మూల నిప్పు, తేలిగ్గా ఉండవలసిన చోట బరువు. యజమానికి ప్రాణగండం.

వంటింట్లో అక్క నెయ్యి కాచి బొబ్బట్ల పిండి కలిపేసింది. ఇక గండం గడిచినట్టే అనుకుంది. కానీ బావ ఒక్క మాట అడిగాడు.

"మరి దీనికి పరిహారం ఏవీ లేదాండీ?"

పరిహారం అడిగితే లేదన్న సిద్ధాంతి ఇప్పటిదాకా పుట్టలేదు. పొయ్యీ గొట్టమూ పడగొట్టించాలి, ఆ మూల ఆకాశానికి తెరిచి ఉంచాలి, మాఘమాసంలో పాలు పొంగించాలి, ముహూర్తం తానే పెడతాడు, మంత్రాలు తానే క్యాసెట్‌లో చదివి పంపుతాడు, సంభావన సంగతి తర్వాత. బావ కళ్లలో వెలుగు వచ్చింది. వంటింట్లో పిండి ముద్ద చప్పుడుగా గోడకి తగిలింది.

ఫ్రాన్సులో మేస్త్రీకి బావ వచ్చీరాని ఇంగ్లీషులో ఫోన్లోనే పని అప్పజెప్పాడు. మేస్త్రీ రెండుసార్లు చెప్పించుకున్నాడు. తర్వాత మెల్లగా, చంటిపిల్లాడికి చెప్పినట్టు చెప్పాడు. "సార్, ఆ ఇంట్లో ఉన్న వేడి అదొక్కటే."

బావ ఫోను పెట్టేసి నా వంక చూశాడు. "వింటున్నావట్రా? గల్ఫ్ మొత్తాన్ని చల్లబరిచినవాణ్ణి నేను. నాకు చలి గురించి చెబుతున్నాడు వీడు!"

ఆ గొట్టం పడగొట్టిన రోజున ఊరు ఊరంతా కుర్చీలు తెచ్చుకుని రోడ్డు మీద కూర్చుని చూశారని మేస్త్రీ తర్వాత నాతో చెప్పాడు. ముసలావిడ కిటికీ తలుపులు కూడా తెరిచిందట, ఎన్నో ఏళ్ల తర్వాత.

చలికాలం రాగానే బావ వ్యాపారం కఫీల్‌కి అప్పజెప్పేశాడు. కఫీల్ అంటే, బహ్రెయిన్‌లో మన పేరున వ్యాపారం ఉండదు కాబట్టి ఎవరి పేరున నడుస్తుందో ఆ స్థానికుడు. ఆయన బావని కౌగిలించుకున్నాడు, అరబ్బుల కాఫీ ఖహ్వా పోశాడు, కళ్లు కూడా తుడుచుకున్నాడు. "నీ చేతి నుంచి నా చేతికి. ఖలాస్" అన్నాడు. బావ ఆ కన్నీళ్లు చూసి పొంగిపోయాడు. ఊరికే వచ్చిన వ్యాపారానికి ఎవరికైనా కళ్లు చెమరుస్తాయి.

మర్నాడు అక్క కఫీల్ ఇంటికి వెళ్లింది. కఫీల్ తల్లికి మోకాళ్ల నొప్పులు, పళ్లు లేవు. మా అక్క పెసరపప్పు పాయసం తప్ప ఇంకేమీ రుచించదని కొడుకుల్ని సాధించే మనిషి. ఆవిడ మంచం పక్కన కూర్చుని అక్క కన్నీళ్లు పెట్టుకుంది. కొడుకుని పిలిపించి ముసలావిడ అరబిక్‌లో ఏం కేకలేసిందో గానీ, రెండు వారాల్లో మా మెస్సు కఫీల్ పేరున సక్రమమైన కెఫెటీరియా అయింది. భర్త వీసా మీద ఉన్న అక్క ఆ కెఫెటీరియా వీసా మీదకి మారింది.

"ఆయన దగ్గర నోరు మెదిపావో, నీకు పులుసు బందు" అని నాతో అంది. బావకి చెప్పాలన్న ఆలోచన నాకు కలలో కూడా రాలేదు. ఇంత మంచి వేడుకని ఎవరు చెడగొట్టుకుంటారు?

మాఘమాసం వచ్చింది. మేం ఓవెర్న్ చేరి, గృహప్రవేశం అయ్యేదాకా మేస్త్రీ ఇంట్లో దిగాం. చలి గురించి నేను ఏం చెప్పినా అబద్ధమంటారు గనక ఒక్కటే చెబుతాను: రాత్రి మా ఇంటి కిటికీలో పెట్టిన గ్లాసులో నీళ్లు పొద్దున పళ్లతో కొరకవలసి వచ్చింది. కరెంటు హీటరు పెడితే ఇంట్లో ఫ్యూజు, దాంతో పాటు అది మళ్లీ వేసిపెట్టే పక్కింటాయన సహనం ఎగిరిపోయేవి. ఈశాన్యం మూల మేస్త్రీ కప్పిన నీలం టార్పాలినుని బావ స్వయంగా పీకేశాడు. ఆకాశానికి తెరిచి ఉండాలి కదా. తెరిచి ఉన్న ఆకాశం లోంచి మంచు నింపాదిగా ఇంట్లోకి దిగింది.

బావ తలంటుకుని, తడి పంచె కట్టుకుని, పైన ఏమీ లేకుండా గుమ్మంలో నిలబడ్డాడు. గోధుమరంగు మనిషి నేరేడు పండు రంగుకి తిరిగాడు. మీసం కొసల్లో ముత్యాలు. పంచె కాసేపటికి రేకులా బిగిసింది. ఆయన నడిస్తే టకటకమని చప్పుడు. క్యాసెట్టులో మంత్రాలు మొదలయ్యాయి గానీ, బ్యాటరీలు చలికి నీరసించి, సిద్ధాంతిగారి గొంతు అవసాన దశలో ఉన్నవాడి గొంతులా సాగింది.

ముందు ఆవు గృహప్రవేశం చెయ్యాలి. మేస్త్రీ తన ఆవుని తెచ్చాడు. ఎర్రటి ఆవు, కొమ్ములు తలుపు వెడల్పు. అది లోపలికి వచ్చింది, చుట్టూ చూసింది, పేడ వేసింది. పొగలు కక్కుతున్న ఆ పేడ చూసి బావ పరమానందభరితుడయ్యాడు. మేం ముగ్గురం ఆ పేడ దగ్గరికి జరిగి చేతులు కాచుకున్నాం. ఆ ఇంట్లో వెచ్చగా ఉన్నవి అదీ, ఆవూ మాత్రమే.

ఇక పాలు. గ్యాసు సిలిండరు రాత్రంతా బయట వరండాలో ఉంది. లోపలి గ్యాసు గడ్డకట్టుకుపోయినట్టుంది, స్టవ్ మీద ఆవగింజంత మంట వచ్చింది. బావ పాలగిన్నె పెట్టాడు. ఊదాడు. దండం పెట్టాడు. సిలిండరుని కౌగిలించుకున్నాడు. పాలు ఉలకలేదు. పైగా మీగడ బదులు ఐసు కట్టడం మొదలైంది. గుమ్మంలో ఊరివాళ్లు, మళ్లీ కుర్చీలతో సహా.

మేస్త్రీ జాలిపడి, "మా ఇంట్లో మరిగించి తెస్తాను సార్" అన్నాడు.

"వేరే ఇంట్లో పొంగిన పాలా!" అని బావ కసిరాడు. నోట్లోంచి మాటతో పాటు ఆవిరి, ఆవిరితో పాటు ఒక పన్ను వస్తుందేమో అనిపించింది. పళ్లు అంతలా కొట్టుకుంటున్నాయి.

ముహూర్తం దాటిపోయింది. అప్పటిదాకా మా అందరి కోట్లూ కప్పుకుని ఆవు డొక్కకి ఆనుకుని కూర్చున్న అక్క లేచింది.

"పాలు పొంగలేదండీ."

"పొంగుతాయే. కాస్త ఆగు."

"ముహూర్తం అయిపోయింది. పాలు పొంగని ఇంట్లో నేను కాపురం చెయ్యను. కావాలంటే మీ సిద్ధాంతిగారిని అడగండి."

బావ ఫోను చేసి అడిగాడు కూడా. స్పీకరులో సిద్ధాంతిగారి గొంతు ఉత్సాహంగా వచ్చింది. "శివ శివా! పాలు పొంగకుండా ఇల్లాలు నిద్ర చెయ్యకూడదండీ. మళ్లీ వచ్చే మాఘం దాకా మంచి ముహూర్తం లేదు. దీనికి పరిహారం..."

అక్క ఫోను కట్ చేసింది. అప్పుడు చెప్పింది కెఫెటీరియా సంగతీ, తన వీసా సంగతీ. బావ మొహం మీద ఆ క్షణంలో వచ్చిన భావాన్ని వర్ణించాలని ఇన్నేళ్లుగా ప్రయత్నిస్తున్నాను. చలికి మొహం బిగుసుకుపోవడంతో అసలు ఏ భావమూ రాలేదన్నదే నిజం.

"పొండి!" అన్నాడు చివరికి. "ఇద్దరూ పొండి! రాజులా బతుకుతాను నేనిక్కడ!"

మేస్త్రీ వ్యాన్లో స్టేషనుకి బయల్దేరాం. అద్దంలోంచి చూస్తే బావ పంచెతో గుమ్మంలోనే నిలబడి ఉన్నాడు. కోపంతో కదలడం లేదనుకున్నాను. పంచె గుమ్మానికి అతుక్కుపోయిందని మేస్త్రీ తర్వాత చెప్పాడు.

గుదైబియాలో నాలుగు బల్లలు ఆరయ్యాయి. నేను క్యాషు దగ్గర కూర్చున్నాను. బావ అప్పుడప్పుడూ ఊరి ఫోను బూత్ నుంచి మాట్లాడేవాడు. మొదట్లో "స్వర్గంరా" అనేవాడు. తర్వాత "ఆవుని అద్దెకి తీసుకుని ఇంట్లోనే కట్టేసుకున్నాను, వెచ్చగా ఉంది" అన్నాడు. ఆ తర్వాత ఆవు కూడా మేస్త్రీ ఇంటికి వెళ్లిపోయిందని చెప్పాడు. ఇల్లు అమ్ముదామంటే, పొయ్యి లేని ఇల్లు చూడ్డానికి వచ్చిన ప్రతివాడూ పైకి చూసి, ఆకాశం కనబడగానే నవ్వి వెళ్లిపోతున్నాడట. చివరికి ఒకరోజు, గొంతు తగ్గించి, "కఫీల్‌ని అడిగి చూడరా. నా వ్యాపారం నాకు..." అన్నాడు.

అడిగాను. "గొట్టాలా? ఖలాస్, హబీబీ. ఖహ్వా తాగు" అన్నాడు కఫీల్.

ఆ మాట బావకి చేరవేశాను. "మీ అక్కకి ఇవ్వు" అన్నాడు.

అక్క ఫోనుని భుజానికీ చెవికీ మధ్య నొక్కిపెట్టి వంకాయలు తరుగుతూనే మాట్లాడింది. "వీసా ఎందుకు దొరకదండీ. కెఫెటీరియా మీద రెండు ఉద్యోగాలున్నాయి. క్యాషు ఒకటి, గిన్నెలు తోమేది ఒకటి."

అవతల్నుంచి ఏదో వినబడింది.

"క్యాషులో తమ్ముడున్నాడు కదండీ. వాణ్ణి లేపితే ఏం బావుంటుంది? ఆ రెండోదైతే ఇవాళే రాయిస్తాను. ఆలోచించుకుని చెప్పండి, తొందరేం లేదు. అక్కడ చల్లగా హాయిగా ఉందిగా."

పెట్టేసింది. ఆయన ఆలోచనకి నూనె కాగేంత సేపు కూడా పట్టలేదు. మళ్లీ ఫోను మోగింది.

విమానాశ్రయంలో అధికారి వీసాలో ఉద్యోగం చూశాడట, ఆ మీసం చూశాడట, మళ్లీ ఉద్యోగం చూశాడట. "బర్తన్?" అని చేత్తో గిన్నెలు తోమినట్టు చేసి చూపించాడట. బావ తలూపాడట. ఇదంతా నాకు చెప్పింది బావ కాదు, ఆయన్ని తీసుకురావడానికి బండి కట్టుకెళ్లిన జగిత్యాల డ్రైవరు. మెస్సులో అందరి ముందూ, చేతులు తిప్పుతూ, మూడు పూటలు చెప్పాడు.

మొదటి శుక్రవారం. గది కిక్కిరిసింది. రోజూ రానివాళ్లు కూడా వచ్చారు. పులుసు కోసం కాదు. వెనక సింకు దగ్గర బావ ప్లాస్టిక్ ఏప్రన్ కట్టుకుని నిలబడ్డాడు. డ్రైవరు స్టీలు గ్లాసు ఒకటి పైకెత్తి, లైటుకి అడ్డంగా పెట్టి, ఒక కన్ను మూసి చూశాడు.

"సేఠ్, గిలాసకు జిడ్డు పోలే. మల్లొక్కసారి."

బావ అక్క వైపు చూశాడు. ఆ కూతకి వాడి చెంప పగలగొడుతుందని ఆయన నిజంగానే అనుకున్నాడు, పాపం. అక్క ఇంకో బల్ల దగ్గర అన్నం వడ్డిస్తోంది. తల తిప్పకుండానే అంది.

"వినబళ్లేదాండీ? కస్టమరు అడుగుతున్నారు."

బావ వచ్చి గ్లాసు అందుకుని వెళ్లాడు. కుళాయి చప్పుడు వినబడింది.

ఆ మర్నాటి నుంచి మా కెఫెటీరియాలో మంచినీళ్లు తాగడానికి ప్రతివాడూ రెండేసి గ్లాసులు వాడడం మొదలుపెట్టాడు.